లాస్ వేగాస్ నీళ్ల లెక్క, విశాఖ నీళ్ల లెక్క

మీ ప్రశ్న టూకీగా ఇది. లాస్ వేగాస్ చూసి వచ్చారు. ఏడాది మొత్తానికి 100 మిల్లీమీటర్ల వాన పడే ఎడారిలో ఫౌంటెన్లు ఎగురుతున్నాయి, హోటల్ గదిలో కుళాయి ఏ వేళ తిప్పినా నీళ్లొచ్చాయి. దానికి పదింతల వాన పడే విశాఖలో, మధురవాడ అపార్ట్‌మెంటులో మీకు ఏప్రిల్ నుంచే ట్యాంకర్లు. వాళ్లు చేసింది మనమెందుకు చేయలేకపోతున్నాం, మనదీ టూరిస్టుల నగరమే అంటున్నారు కదా అని అడిగారు. అసోసియేషన్ తరఫున ఏం చేయొచ్చో కూడా చెప్పమన్నారు.

నేను నీటి సరఫరా ఇంజినీరుగా ఉత్తరాంధ్రలోనే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. వేగాస్ వాళ్లు నిజంగానే గట్టి పని చేశారు. అయితే వాళ్లు ఆదా చేసింది ఇంటి బయట వాడే నీళ్లు. మనం పోగొట్టుకుంటున్నవి ఇంటి లోపల వాడే నీళ్లు. ఈ తేడా పట్టుకోకుండా అక్కడి పథకాలను తెచ్చి ఇక్కడ అతికిస్తే డబ్బు దండగ. ఆ మధ్య ఒక మీటింగులో ఒకాయన వేగాస్‌లోలాగా బీచ్ రోడ్డు డివైడర్లలో గడ్డి పీకేసి రాళ్లు పరుద్దామన్నాడు. మే నెల మధ్యాహ్నం ఆ రాళ్ల పక్కన నడిచేదెవరో కూడా ఆయనే చెప్పుంటే బాగుండేది.

ముందు వాళ్ల వాటా సంగతి చూడండి. లాస్ వేగాస్ వాడే నీళ్లలో దాదాపు 90 శాతం కొలరాడో నదివే, హూవర్ డ్యామ్ వెనకున్న లేక్ మీడ్ జలాశయం నుంచి తోడుకుంటారు. ఆ నదిని 1922 ఒప్పందంలో ఎగువ రాష్ట్రాలు, దిగువ రాష్ట్రాలు అని రెండుగా పంచారు. 1928 నాటి చట్టంతో దిగువ మూడు రాష్ట్రాల వాటాలు తేలాయి. మనకు అలవాటైన టీఎంసీల్లోకి మారిస్తే కాలిఫోర్నియాకు సుమారు 192, ఆరిజోనాకు 122, లాస్ వేగాస్ ఉన్న నెవాడాకు 13. అవును, పదమూడే. అప్పట్లో అక్కడ జనం లేరు, చెప్పుకోదగ్గ సేద్యం లేదు, గట్టిగా అడిగే నాథుడూ లేడు.

ఇంకో మెలిక ఉంది. మన కృష్ణా నీళ్లు పంచేటప్పుడు బచావత్ ట్రిబ్యునల్ నూటికి 75 ఏళ్లలో నమ్మకంగా వచ్చే నీటినే లెక్కలోకి తీసుకుంది. కొలరాడో వాళ్లు బాగా వానలు పడిన కొన్నేళ్ల రికార్డు ముందు పెట్టుకుని పంచేసుకున్నారు. దాంతో నదిలో లేని నీళ్లకు కూడా కాగితం మీద హక్కుదారులున్నారు. 2000 తర్వాత పట్టుకున్న కరువులో ఆ సంగతి బయటపడింది. అప్పటికి దాదాపు నిండుగా ఉన్న లేక్ మీడ్ 2022 జూలై నాటికి నాలుగో వంతు నిల్వకు దిగజారింది.

ఇప్పుడు ఆ 13 టీఎంసీల మీద దాదాపు 23 లక్షల జనం, ఏటా 4 కోట్ల టూరిస్టులు ఆధారపడి ఉన్నారు. 1990లో అక్కడి జనాభా ఏడున్నర లక్షల లోపే. మరి ఎలా సరిపోతోంది?

కిటుకు వాటా లెక్కలో ఉంది. నెవాడాకు ఇచ్చిన 13 టీఎంసీలు అంటే వాడేసి తిరిగి ఇవ్వని నీళ్లు. తోడుకున్నదాంట్లో ఎంత శుభ్రం చేసి మళ్లీ జలాశయంలో కలిపితే అంత అదనంగా తోడుకోవచ్చు, కొట్లో ఖాళీ సీసా ఇస్తే బిల్లులో తగ్గించినట్టు. నగరం లేక్ మీడ్‌కి ఎగువన ఉంది. ఇళ్లలో, హోటళ్లలో సింకు, షవరు, టాయిలెట్ దాటిన ప్రతి చుక్కా మురుగు లైన్లలో శుద్ధి కేంద్రానికి చేరి, అక్కడ శుభ్రమై, లాస్ వేగాస్ వాష్ అనే వాగులోంచి మళ్లీ జలాశయానికే పోతుంది. లోపల వాడిన నీళ్లలో దాదాపు అన్నీ ఇలా వెనక్కి వెళ్తాయి. కాబట్టి మీరు హోటల్లో అరగంట షవరు కింద నిలబడినా నది ఖాతాలో పెద్దగా తేడా రాదు. కరెంటు ఖర్చుంది, శుద్ధి ఖర్చుంది, అది వేరే పద్దు.

తిరిగి రానివి గడ్డికి పోసిన నీళ్లు, ఈత కొలనులోంచి ఆవిరయ్యేవి, పెద్ద భవనాల కూలింగ్ టవర్లలోంచి ఆవిరయ్యేవి. అందుకే వాళ్ల యుద్ధమంతా వీటి మీదే. 1991లో ఆ చుట్టుపక్కల నీటి సంస్థలన్నీ కలిసి సదరన్ నెవాడా వాటర్ అథారిటీగా ఏర్పడ్డాయి. ఒకరితో ఒకరు పోటీపడి తోడుకోవడం మానేశారు. దాన్ని చాలాకాలం నడిపినావిడ పాట్ మల్రాయ్. 2002లో వాడకం 14 టీఎంసీలకు చేరి వాటా దాటిపోయేసరికి అసలు కంగారు మొదలైంది. గడ్డి తీసేసి ఎడారి మొక్కలు వేసుకున్నవాళ్లకు చదరపు అడుగుకింత అని డబ్బులివ్వడం 1999 నుంచే ఉంది, దాన్ని పెంచారు. 2003 నుంచి కొత్త ఇళ్ల ముందు గడ్డి వేయనివ్వలేదు. ఇప్పటిదాకా తీయించిన గడ్డి 20 కోట్ల చదరపు అడుగులకు పైమాటే. ఒక్కో చదరపు అడుగుకు ఏడాదికి 200 లీటర్ల చొప్పున మిగులుతుందని వాళ్ల లెక్క. 2021లో శాసనసభ ఇంకో అడుగు వేసింది. సొంత ఇళ్లలోది మినహా, ఎవరూ ఆడని, కూర్చోని, కంటికి మాత్రమే పచ్చగా కనపడే గడ్డికి 2027 నుంచి కొలరాడో నీళ్లు పోయకూడదని చట్టం చేసింది. 2022 నుంచి కొత్త ఇంటి ఈత కొలను 600 చదరపు అడుగులు దాటకూడదు. 2023 నుంచి కొత్త వాణిజ్య భవనాల్లో నీటిని ఆవిరి చేసి చల్లబరిచే యంత్రాలు పెట్టనివ్వడం లేదు. పేవ్‌మెంట్ మీదికి నీళ్లు పారితే ఇనస్పెక్టరు వీడియో తీసి జరిమానా వేస్తాడు.

వీటన్నిటితో 2023లో వాళ్ల అసలు వాడకం 8 టీఎంసీల చిల్లరకు దిగింది. 2002తో పోలిస్తే జనం ఏడు లక్షలకు పైగా పెరిగారు, తలసరి వాడకం సగానికి పైగా తగ్గింది. ఇంతటి తగ్గుదల నా ఉద్యోగ కాలంలో మన దేశంలో ఏ నగరంలోనూ చూడలేదు.

మీరు ఫొటో పెట్టిన బెలాజియో హోటల్ ఫౌంటెన్ సంగతి: అందులోవి నది నీళ్లు కావు. పూర్వం ఆ స్థలంలో ఉన్న గోల్ఫ్ కోర్సు బావి హక్కులతో వస్తున్న భూగర్భ జలం. మొత్తమ్మీద ఆ క్యాసినోల వీధి వాడకం, శివారు కాలనీల తోటల వాడకం ముందు చాలా చిన్నది. టూరిస్టు అక్కడ దోషి కాడు.

ఇప్పుడు మన ఊరికి రండి. ఇక్కడ లెక్క తలకిందులు.

మనకు ఏలేరు నీళ్లు 150 కిలోమీటర్లకు పైగా కాలువలో పారి వస్తాయి. శారద నది మీది రైవాడ, గోస్తని నది మీది తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, చిన్నదైనా పాతదైన ముడసర్లోవ, ఇంకా గంభీరం జలాశయాలున్నాయి. ఇంత దూరం నుంచి తెచ్చి, ఎత్తిపోసి, శుద్ధి చేసి మీ ట్యాంకులోకి ఎక్కించిన నీళ్లు ఒక్కసారి స్నానం చేయగానే గెడ్డలోకి, అంటే వాగులోకి, గెడ్డలోంచి సముద్రంలోకి. అప్పుఘర్ దగ్గర, నరవ దగ్గర ఎస్టీపీలు (మురుగు శుద్ధి కేంద్రాలు) ఉన్నాయి, నిజమే. కానీ అక్కడ శుభ్రం చేసినవి కూడా వాడుకునేవాడు లేకపోతే చివరికి చేరేది బంగాళాఖాతమే. వేగాస్‌లో షవరు నీళ్లు ఖాతాకి తిరిగొస్తాయి, విశాఖలో షవరు నీళ్లకు అదే చివరి చూపు. కాబట్టి రుషికొండ రిసార్టు గదిలో ఒక టూరిస్టు వాడే నీళ్లు, వేగాస్ గదిలో అదే మనిషి వాడే నీళ్ల కంటే మనకు ఎక్కువ భారం. వేగాస్ వాళ్లు హోటళ్లను వదిలేసి గడ్డి మీద పడ్డారు. మనం గడ్డి జోలికి తర్వాత వెళ్లొచ్చు, ముందు పట్టుకోవాల్సింది హోటళ్లను, ఆసుపత్రులను, హాస్టళ్లను, మీలాంటి పెద్ద అపార్ట్‌మెంట్లను.

వాళ్లనుంచి మనం తీసుకోవాల్సింది ఆ ఖాతా పద్ధతి. శుద్ధి చేసిన మురుగు నీళ్లను ఎవరో ఒకరి అవసరానికి ముడిపెట్టి, అంత మేరకు వాళ్లకిచ్చే మంచినీళ్లు తగ్గించాలి. మన దగ్గర కొండెక్కించి వెనక్కి జలాశయంలో పోసే పని పెట్టుకోనక్కర్లేదు. పక్కనే స్టీల్ ప్లాంటు ఉంది, రిఫైనరీ ఉంది, పోర్టు ఉంది, పరవాడ వైపు ఫ్యాక్టరీలున్నాయి. వాటికి కావలసింది తాగే నీళ్లు కాదు. సూరత్ కార్పొరేషన్ 2014 నుంచి శుద్ధి చేసిన మురుగు నీళ్లను పాండేసర పారిశ్రామిక వాడకు అమ్ముతోంది. చెన్నై వాళ్లు కోయంబేడు, కొడుంగయ్యూరుల్లో రోజుకు 4.5 కోట్ల లీటర్ల చొప్పున శుద్ధి చేసే ప్లాంట్లు కట్టి పరిశ్రమలకు పంపుతున్నారు. 2019 వేసవిలో చెన్నై పడ్డ పాట్లు గుర్తుండే ఉంటాయి. యంత్రం కట్టడం పెద్ద విషయం కాదు, అందరూ కడతారు. కొనేవాడితో గట్టి ఒప్పందం, పైపులైను ఎవరు వేయాలన్న ఖరారు, దానికి తగ్గట్టు అతని మంచినీటి కోటా కోత, ఈ మూడూ కలిసి రాకపోతే శుద్ధి చేసిన నీళ్లు గెడ్డలో కలిసి పోతూనే ఉంటాయి.

వేగాస్ నుంచి నేరుగా తెచ్చుకోదగ్గది ఒక్కటుంది: కూలింగ్ మీద పెట్టిన ఆంక్ష. ఆవిరైన నీళ్లు అక్కడా తిరిగి రావు, ఇక్కడా రావు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి డేటా సెంటర్ల కేంద్రం కడతానని ప్రకటించింది. రానివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఒప్పందంలో మొదట అడగాల్సింది ఏ నీళ్లతో చల్లారుస్తారని. మన గాలిలో తేమ ఎక్కువ, తడి పద్ధతి కూలింగ్ ఎడారిలో పనిచేసినంత బాగా ఇక్కడ పనిచేయదు కూడా. పరవాడ దగ్గరి ఎన్టీపీసీ సింహాద్రి విద్యుత్ కేంద్రం కూలింగ్‌కి సముద్రపు నీళ్లు వాడుతోంది, కాబట్టి మనవాళ్లకు తెలియని విద్యేం కాదు. సముద్రం నీళ్లో, శుద్ధి చేసిన మురుగు నీళ్లో వాడాలని రాతలో ఉండాలి. ఏలేరు కాలువ వైపు చూస్తే ఒప్పుకోకూడదు.

ఆ కాలువ అంటే రైతులు గుర్తొస్తారు. వేగాస్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువమంది వదిలేసే విషయం ఇది. కొలరాడో నీళ్లలో సింహభాగం తాగేది సేద్యం. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ వ్యాలీ ఒక్కదానికే 135 టీఎంసీల హక్కుంది, నెవాడా మొత్తం వాటాకి పదింతలు. వేగాస్ రేపు పొద్దున్నే ఖాళీ అయిపోయినా ఆ నది కోలుకోదు. వేగాస్ ఒకప్పుడు తూర్పు నెవాడా లోయల్లో పశువుల కాపరుల కింది భూగర్భ జలాన్ని వందల కిలోమీటర్ల పైపులో తెచ్చుకుందామనుకుంది. రైతులు, పశువుల ఆసాములు, అక్కడి తెగలవాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు. 2020లో అథారిటీ ఆ పథకాన్ని పక్కన పెట్టేసింది. ఇక్కడ రైవాడ నీళ్లు మా పొలాలకే ఉంచండని దేవరాపల్లి, చోడవరం వైపు రైతులు ఎన్నాళ్లుగా అడుగుతున్నారో మీకు తెలుసు. ఏలేరు ఆయకట్టుదీ అదే గోడు. విశాఖ ప్రతిసారీ ఇంకాస్త దూరం పోయి ఇంకో నది నీళ్లు తెచ్చుకోవడమే అభివృద్ధి అనుకుంటే, ఆ రైతు ముందు మనకు చెప్పుకునే జవాబు లేదు. మన మురుగు నీళ్లు సముద్రంలో పోస్తూ ఆయన కాలువ మూసేయమనడం ఏ విధంగా న్యాయం?

ముందుచూపు విషయంలో మాత్రం వాళ్లకు నమస్కారం పెడతాను. లేక్ మీడ్ మట్టం పడిపోతే పాత ఇన్‌టేక్‌లు (నీళ్లు లోపలికి లాగే సొరంగాల నోళ్లు) గాల్లో తేలతాయని ముందే లెక్కేసి, జలాశయం అడుగు నుంచి నీళ్లు తీసే మూడో ఇన్‌టేక్‌ను సుమారు 82 కోట్ల డాలర్లతో 2015లో పూర్తి చేశారు. దానికి పంపింగ్ స్టేషను 2020లో అయింది. 2022 ఏప్రిల్‌లో మొదటి ఇన్‌టేక్ నిజంగానే నీటి పైకి తేలింది. నగరంలో ఒక్క కుళాయి ఆగలేదు. మనకు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు జలాశయాల్లో నీళ్లున్నాయి, కరెంటు లేదు. పంపులు ఆగి ఊరంతా బిందెలు పట్టుకుని తిరిగింది. నీటి భద్రత అంటే పంపు హౌసు దగ్గరి జనరేటరు, దాని డీజిలు కూడా అని ఆ వారం నేర్పింది. తెరిచి ఉన్న ఒక్క కాలువ మీద ఇంత నగరం వేలాడటం ఇప్పటికీ నాకు నచ్చదు.

వాళ్లను అన్నిట్లోనూ మెచ్చుకోనక్కర్లేదు లెండి. వేగాస్ పుట్టిందే ఊటల దగ్గర. ఇష్టారాజ్యంగా బోర్లు వేసి తోడేస్తే 1962 నాటికి ఆ ఊటలు ఎండిపోయాయి, కొన్నిచోట్ల నేల కుంగింది. ఇప్పుడు నది నీళ్లు నేలలోకి ఎక్కిస్తున్నారు. మన సింహాచలం కొండ మీది గంగధార ఇంకా పారుతోంది, కింద కొండవాలులో బోర్ల లెక్క ఎవరి దగ్గరుందో ఆ అప్పన్నకే తెలియాలి. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకని వాల్టా చట్టం వచ్చింది, బోరుకి అనుమతి కావాలి. కాగితం మీద కావాలి. బీచ్ దగ్గరి కాలనీల్లో తోడిన కొద్దీ ఉప్పు నీళ్లు లోపలికి జరుగుతాయి, ఒకసారి వచ్చాక వెనక్కి నెట్టడం మహా కష్టం. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు వానను స్పాంజిలా మింగే నేల, దాని చుట్టూ లేఔట్లు వేయడం చూస్తే ఒళ్లు మండుతుంది.

వాన బోలెడు పడుతుంది కదా అన్నారు. పడుతుంది, నాలుగైదు నెలల్లో గుప్పుమని. కింద ఖోండలైటు రాయి. పైన శిథిలమైన పొరలో, పగుళ్లలో తప్ప నీళ్లు నిలవవు. కొండ మీద పడ్డది గంటల్లో సముద్రంలో ఉంటుంది. మీ అపార్ట్‌మెంటు లెక్క వేద్దాం. 60 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అన్న ప్రమాణం. రోజుకు 32,400 లీటర్లు. టెర్రస్ 1,000 చదరపు మీటర్లుంటే ఏడాది వానలో చేతికొచ్చేది మహా అయితే 8 లక్షల లీటర్లు. అంటే పాతిక రోజుల వాడకం. అయిదంతస్తుల జనానికి ఒకటే కప్పు కదా. ఇంకుడు గుంత తవ్వించండి, తప్పకుండా. తొలి వాన నీళ్లు బయటికి వదిలేసేలా, ఇసుక, కంకర వడపోతతో. కానీ దానితో ట్యాంకర్లు పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

ట్యాంకర్లు తగ్గించేది ఫ్లష్ లైను, అంటే శుద్ధి చేసిన మురుగు నీళ్లను టాయిలెట్ ఫ్లష్‌లకు పంపే విడి పైపు. ఆ 135 లీటర్లలో 45 ఫ్లష్ వాటాయే. మీ 240 మందికి రోజుకు 10,800 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు. మీకు ఎస్టీపీ ఉందన్నారు. చాలా గేటెడ్ కమ్యూనిటీల్లో దాన్ని అనుమతి కోసం కట్టి, కరెంటు బిల్లు ఎక్కువని ఆపేస్తారు. మీది నడుస్తోందా? నడిస్తే ఆ నీళ్లు ఫ్లష్ ట్యాంకులకు వెళ్లే పైపు విడిగా ఉందా? లేకపోతే కొత్తగా లాగడం ఖర్చే, కానీ ట్యాంకర్ బిల్లు పక్కన పెట్టి చూసుకోండి. పాత పది లీటర్ల ఫ్లష్ ట్యాంకులుంటే రెండు బటన్లవి మార్చడం అన్నిటికంటే చవక.

ఫ్లాటుకో మీటరు పెట్టాలనుకుంటారు మీ సభ్యులు. పైనున్న ట్యాంకు నుంచి బాత్‌రూముకొకటి, వంటింటికొకటి చొప్పున వేర్వేరు పైపులు దిగుతాయి మన కట్టడాల్లో, ఒక ఫ్లాటుకు మూడు నాలుగు మీటర్లవుతాయి. అందుకని ముందు జీవీఎంసీ (నగర కార్పొరేషన్) లైనుకు, బోరుకు, ట్యాంకర్ దించే పైపుకు తలా ఒకటి బిగించండి. ఒక రాత్రి పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరినీ నీళ్లు వాడొద్దని చెప్పి, ట్యాంకులోకి నీళ్లెక్కే వాల్వులు కట్టేసి ఓవర్‌హెడ్ ట్యాంకు మట్టం కొలవండి. తగ్గితే ఎక్కడో కారుతోంది, పొదుపు మాటల కంటే ముందు అది వెతకాలి. ఎస్టీపీ ఎన్ని కిలోలీటర్లదో, ఫ్లష్ లైను విడిగా ఉందో లేదో, బోరు నీటి టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల లెక్క) ఎంతో రాయండి. టెర్షియరీ ఫిల్టరు (ఎస్టీపీ నీళ్లను చివర్లో ఇంకోసారి వడకట్టేది) కావాలా వద్దా అన్నది అవి చూశాక చెబుతాను.